అరగంటలో వస్తానని చెప్పే ముందు

పశువుల దవాఖానాలో చేరిన రోజు మీకొక సంచి ఇస్తారు. అందులో సిరంజీలు, సూదులు, భుజం దాకా వచ్చే చేతి తొడుగులు, కుట్లు వేసే దారం, కష్టపు కాన్పులో దూడను లాగే తాళ్లు అన్నీ ఉంటాయి. పదిహేడో నంబరు పానా మాత్రం ఉండదు. బోల్టులు విప్పే పానాతో పశువైద్యానికి ఏం పని అని ఆ సంచి సర్దినవాళ్లు అనుకొని ఉంటారు. ఒకచోట బర్రె ఈనలేక పడి ఉందని తెలిసీ, అడవి రోడ్డు మీద గాలిపోయిన చక్రం పక్కన వాళ్లెప్పుడూ నిలబడి ఉండరు.

నేను నిలబడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టరును కాను. డాక్టరు కింద పనిచేసే పశువైద్య సహాయకుణ్ని. ఊళ్లలో అందరూ నన్ను "డాక్టర్ సారూ" అనేవారు, నేనూ పెద్దగా కాదనేవాణ్ని కాదు. పెద్దకొడప్‌గల్‌లో మొదలుపెట్టి, మధ్యలో నస్రుల్లాబాద్ వైపు తిరిగి, చివరి ఎనిమిదేళ్లు ఎల్లారెడ్డిలో చేసి, ఇప్పుడు కామారెడ్డిలో ఇంటి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ రాయను. వచ్చినవే రెండు, అవి కూడా మోకాళ్లు అరిగిపోయాక వచ్చాయి. మోటారుసైకిలు పక్కన సామాను పెట్టుకునే బండి డబ్బా గురించి రాస్తాను. కొత్తగా చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదివి నవ్వుకున్నా ఫరవాలేదు, ఒకసారి లేచి వెళ్లి తమ బండి డబ్బా తెరిచి చూస్తే చాలు.

లగ్గం పత్రిక

పెద్దకొడప్‌గల్‌లో నా మొదటి అధికారిని అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుండేవాడు. నేను చేరిన రెండో రోజు నా మందుల సంచి చూస్తాడేమోనని రాత్రంతా సర్దుకొని పోయాను. ఆయన సంచి వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా బండి దగ్గరికి పోయి పక్క డబ్బా తెరిచాడు. లోపల ఒక మసిగుడ్డ, సగం ఖాళీ అయిన బీడీ కట్ట, ఎవరిదో లగ్గం పత్రిక ఉన్నాయి.

"గీడ లగ్గం పత్రిక ఉన్నది. పంక్చరైతే గిదే అతికిస్తవా?" అన్నాడు.

అక్కడ గొర్రెల మందుకోసం వచ్చిన రైతులు పదిమంది దాకా ఉన్నారు. అందరూ నవ్వారు. ఆయన అంతటితో ఆగలేదు. మరునాడు పానాలు కొనుక్కొని రమ్మన్నాడు. తెచ్చాను. దవాఖానా ముందర వెనక చక్రం విప్పమన్నాడు. దాని నట్టును మెకానిక్ ఎప్పుడో ఇనుప గొట్టం పెట్టి బిగించాడు, నా దగ్గరున్నది జానెడు పానా. బలమంతా పెట్టి తిప్పితే పానా జారి, వేళ్ల కణుపుల మీది తోలు లేచిపోయింది. రైతులు తలా ఒక సలహా ఇచ్చారు. డాక్టర్ సాబ్ కుర్చీ తెప్పించుకొని, చాయ్ తాగుతూ చూశాడు. చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి తీసి, మళ్లీ ఎక్కించేసరికి మధ్యాహ్నం అయింది.

అప్పుడు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఇగ పో ఊర్లెకు. నీ సంచిల ఉన్న మందు బర్రె దగ్గర చేరినంకనే మందు. తొవ్వల ఉన్నంతసేపు అది ఉత్త సీసా."

ఆయన చెప్పింది నిజం. చెప్పిన పద్ధతి తప్పు. నలుగురిలో ఒక మనిషిని అట్లా నిలబెట్టకూడదు. ఏడాదిపాటు ఆ ఊళ్లో నా పేరు "పానా సారు". మీలో ఎవరైనా రేపు అధికారి అయితే, చక్రం విప్పించండి, కానీ రైతులు వెళ్లిపోయాక విప్పించండి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు విప్పిన నట్టును నా చేయి ఈ రోజుకీ మరిచిపోలేదు.

డోంగ్లి మట్టి

ఆ ఏడాదే తొలకరికి ముందు గొంతువాపు టీకాలు వేయడానికి డోంగ్లి వైపు పోయాను. మంచుగడ్డల పెట్టె వెనక కట్టుకొని బయలుదేరాను. నడిమధ్యలో వాన దంచింది. అది నల్లరేగడి నేల. ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య దూరి, సిమెంటు పోసినట్టు పట్టేసింది. బండి ముందుకు కదలదు, వెనక్కి రాదు. స్టాండు వేయాల్సిన పనే లేకుండా నిలబడిపోయింది.

నా దగ్గర పానాలన్నీ ఉన్నాయి. ఏం లాభం? పంక్చర్ కాలేదు, ప్లగ్గు పోలేదు. పెట్టెలో మంచు కరిగితే టీకాలు పాడవుతాయి. చేలోంచి ఒక ముసలాయన వచ్చాడు. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి ఏదో తిట్టాడు, నన్నో వాననో తెలియలేదు. "ముంగటి రేకు ఇప్పు" అన్నది మాత్రం అర్థమైంది. పదో నంబరు పానాతో నాలుగు బోల్టులు తీసి, ముందరి మడ్‌గార్డును విప్పి వెనక కట్టేసుకున్నాను. వెనక చక్రంలోని మట్టిని టైరు విప్పే ఇనుప పట్టీతో గీకాను. ముఖం నిండా బురద చిమ్ముకుంటూ పోయి, మంచు కరగకముందే చేరాను.

సామాను ఏ పనికోసం చేశారో ఆ పనికే వాడాలని లేదని అక్కడ తెలిసింది. మీరు తిరిగే నేలను బట్టి డబ్బా సర్దుకోవాలని కూడా తెలిసింది.

డబ్బాలో ఏం పెట్టుకోవాలి

దుకాణంలో అందంగా ప్యాక్ చేసి అమ్మే పానాల సెట్టు కొనకండి. అందులో పన్నెండు పానాలుంటే మీ బండికి పనికొచ్చేవి నాలుగో, ఐదో. ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి నిలబెట్టి, చక్రాల నట్లు, చైన్ బిగించే నట్లు, క్లచ్, బ్రేకు, బ్యాటరీ, అన్నింటికీ ఏ నంబరు పానా పడుతుందో విప్పి చూడండి. పట్టినవాటిని డబ్బాలో వేయండి, మిగతావి ఇంట్లో ఉంచండి. పెద్ద నట్టుకు పానా ఒక్కటే చాలదు. దాని పిడికి తొడగడానికి మూరెడు ఇనుప గొట్టం ముక్క కావాలి. నా చేతి కణుపుల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి, నమ్మకపోతే వచ్చి చూడండి.

ప్లగ్గు పానా, ఒక కొత్త ప్లగ్గు, కటింగ్ ప్లేయరు, రెండు వైపులా వాడుకునే స్క్రూడ్రైవరు, చైన్ లాకు ఒకటి, రెండు ఫ్యూజులు, కొంచెం కట్టుతీగ. క్లచ్ వైరు కొత్తది కొని డబ్బాలో చుట్ట చుట్టి పెట్టకండి. పాతదాని పక్కనే, దాని పొడవునా కట్టేసి ఉంచండి. పాతది తెగిన రోజు రెండు కొసలు మార్చుకుంటే ఐదు నిమిషాల్లో బయలుదేరవచ్చు. టైరు విప్పే ఇనుప పట్టీలు మూడు ఉండాలి, రెండు ఎప్పుడూ చాలవు. గాలి పంపు తప్పనిసరి. పంపు లేకుండా పంక్చర్ సామాను పెట్టుకోవడం, అగ్గిపెట్టె లేకుండా పొయ్యి దగ్గర కూర్చోవడం లాంటిది. ఇప్పుడు ట్యూబ్ లేని టైర్లు వచ్చాయి, వాటికి రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీలు వేరే ఉంటాయి. మీ బండికి ఏ టైరుందో తెలియకపోతే సిగ్గుపడి ఈ రోజే తెలుసుకోండి. మాలాంటి ట్యూబ్ బండ్లవాళ్లకు ఒక ట్యూబు, ప్యాచులు, గరుకు కాగితం, సొల్యూషన్ కావాలి. సొల్యూషన్ అంటే ప్యాచు అతికించే రబ్బరు జిగురు, వేలెడు ట్యూబులో వస్తుంది.

ఆ వేలెడు ట్యూబు గురించే అసలు చెప్పాలి.

అరగంట

రిటైరవడానికి రెండేళ్ల ముందు సంగతి. అప్పుడు ఎల్లారెడ్డిలో ఉన్నాను. అప్పటి మా అధికారి చాలా మంచివాడు, ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. నెల మొదట్లో కుర్చీలో కూర్చొని కాగితం చూసి అడిగేవాడు. "పంపు?" "ఉంది సార్." "ట్యూబు?" "ఉంది సార్." "సొల్యూషన్?" "ఉంది సార్." ఒక్కోదానికి ఎదురుగా టిక్కు పెట్టేవాడు. నేను అబద్ధం చెప్పలేదు. అన్నీ ఉన్నాయి.

వానాకాలం, పొద్దున తొమ్మిదింబావుకు ఫోన్ వచ్చింది. ఎల్లారెడ్డికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, అడవి దాటాక ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ లచ్చవ్వ అనే ఆమె బీడీలు చుడుతూ, ఒక్క బర్రెను పెట్టుకొని బతుకుతోంది. పెనిమిటి ముంబైలో కూలి పనికి పోయాడు. ఆ బర్రె పాలతోనే ఇల్లు గడవాలి.

"సారూ, బర్రె పొద్దుగాల్నుంచి నొప్పులు తీస్తున్నది. ముంగాళ్లు రెండు బయటికొచ్చినయ్. ముట్టె కనిపిస్తలేదు" అంది.

రెండు ముందు కాళ్లు వచ్చి ముట్టె, అంటే దూడ మూతి, రాలేదంటే, లోపల దూడ తల వెనక్కి మడుచుకొని ఉందన్నమాట. అది అట్లాగే ఉండగా తాడు కట్టి లాగితే తల్లి కడుపు చినుగుతుంది. చెయ్యి పెట్టి, దూడను కొంచెం వెనక్కి నెట్టి, తలను తిప్పి తేవాలి. త్వరగా చేయాలి.

"దుడ్డె పానంతో ఉన్నదా అక్కా?"

"ఉన్నది సారూ. కాలు ముట్టుకుంటే గుంజుకుంటున్నది. మా మరిది తాడేసి గుంజుదామంటున్నడు."

"ఎవ్వర్ని గుంజనియ్యకు. నేను అరగంటల ఉంట."

"అరగంటనే గద సారూ?"

"అరగంటనే."

మా అధికారి కామారెడ్డిలో మీటింగులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "నువ్వు పో, మొదలుపెట్టు" అన్నాడు. సంచి చూసుకున్నాను. తాళ్లు, తొడుగులు, సెలైన్ సీసాలు, కాల్షియం అన్నీ ఉన్నాయి. బండి తీశాను. బండి డబ్బా తెరవలేదు. అందులో అన్నీ ఉన్నాయి కదా.

ఆరు కిలోమీటర్లు పోయాక వెనక చక్రం అటూ ఇటూ ఊగింది. అడవి మొదలై అప్పటికి కాసేపయింది. దిగి చూస్తే టైరు నేలకు అతుక్కుపోయింది, తుమ్మముల్లు దిగింది. తొమ్మిదిన్నర దాటింది. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు.

అప్పటికి ఇంకా భయం వేయలేదు. గొట్టం ముక్క తొడిగి నట్టు విప్పాను, డాక్టర్ సాబ్‌ను తలుచుకున్నాను కూడా. టైరు ఒక పక్క ఊడదీసి, పాత ట్యూబు లాగి పడేసి, డబ్బాలోంచి రెండో ట్యూబు తీసి ఎక్కించబోయాను. దాని మీద సున్నంతో గీసిన గుండ్రటి గుర్తు కనిపించింది.

నెల కింద కామారెడ్డి రోడ్డు మీద పంక్చరైనప్పుడు మంచి ట్యూబు వేసుకొని, పంక్చరైన దాన్ని రంధ్రం దగ్గర గుర్తుపెట్టి డబ్బాలో పెట్టాను. సాయంత్రం అతికిద్దామనుకున్నాను. ఆ సాయంత్రం నెల రోజులైనా రాలేదు.

సరే, ప్యాచు వేద్దామనుకున్నాను. గరుకు కాగితంతో రుద్దాను. సొల్యూషన్ ట్యూబు మూత తిప్పి నొక్కాను. ఏమీ రాలేదు. గట్టిగా నొక్కాను. రాయిని నొక్కినట్టుంది. బ్లేడుతో కోసి చూశాను. లోపల గోధుమరంగు గట్టిపడిన ముద్ద, గోటితో గీకితే పొడి రాలింది. ఎప్పుడో ఒకసారి వాడి మూత సరిగా బిగించలేదు. రెండు ఎండాకాలాలు ఆ ఇనుప డబ్బాలో కాలింది. దాన్ని పెట్టుకున్న అట్టపెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. బయటి నుంచి చూస్తే అది ఉంది.

గడ్డి

అయినా ప్రయత్నం మానలేదు.

మా సంచిలోని అంటుపట్టీ తీసి రంధ్రం మీద చుట్టాను. పంపు కొట్టాను. పది కొట్టుళ్లకు సుయ్యిమని గాలి పోయింది. రంధ్రం దగ్గర ట్యూబును మడిచి, కుట్లు వేసే దారంతో బిగించి ముడివేశాను. గాలి నిలిచింది. అందులో ఇరవై నిమిషాలు పోయాయి. చక్రం ఎక్కించి, బండి తోలితే అర కిలోమీటరు పోయేసరికి టప్పున పేలింది.

ఎదురుగా ఒక లారీ వచ్చింది. చెయ్యి ఊపాను, ఆగలేదు. తర్వాత ఒక బండి వచ్చింది. మొగుడూ పెళ్లాం, మధ్యలో యూరియా బస్తా. "సొల్యూషన్ ఉన్నదా తమ్మీ?" అని అరిచాను. "లేదన్నా, మా దగ్గర పానా సుత లేదు" అన్నాడు. వాళ్లు ఎల్లారెడ్డికి పోతున్నారు. నేను పోయే వైపు వెళ్లేవాళ్లు ఎవరూ రాలేదు.

ఫోన్ పైకెత్తి అటూ ఇటూ నడిచాను. ఒక్క గీత కూడా రాలేదు. నన్ను తినేసింది అదే. నేను రాలేనని లచ్చవ్వకు తెలిస్తే ఇంకేదైనా చేసుకునేది. ఇంకొకరిని పిలుచుకునేది, ఇంకెక్కడికైనా ఫోన్ చేసేది. ఆమెకు తెలియదు. అరగంట అన్న నా మాట పట్టుకొని, అందరినీ ఆపి కూర్చుంది.

ఇక ఒకే దారి. ట్యూబు తీసి పడేశాను. రోడ్డు పక్క ఏపుగా పెరిగిన పచ్చిగడ్డి కొడవలి లేకుండా చేతులతో పీకి, టైరులో కుక్కడం మొదలుపెట్టాను. ఇనుప పట్టీతో పొడిచి పొడిచి నింపాను. అరచేతులు కోసుకుపోయాయి. టైరు గట్టిపడిందనిపించాక చక్రం బిగించి, మొదటి గేరులో సైకిలు కంటే మెల్లగా బయలుదేరాను. హ్యాండిల్ చేతుల్లో కొట్టుకుంటోంది. నాలుగు కిలోమీటర్లకు గడ్డి నలిగి పసరు కారిపోయింది. మళ్లీ ఆపి, మళ్లీ పీకి, మళ్లీ నింపాను.

బండి అక్కడే పడేసి సంచి భుజాన వేసుకొని మొదట్లోనే నడిచి ఉంటే ముందు చేరేవాణ్నేమో. ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. కొన్నిసార్లు చేరేవాణ్ననే తేలుతుంది.

చేరేసరికి పదకొండున్నర దాటింది. కొట్టం వాకిట్లో లచ్చవ్వ కర్ర అడ్డం పెట్టి నిలబడి ఉంది. ఎదురుగా ఆమె మరిది, ఇంకో ఇద్దరు మొగవాళ్లు చేతిలో తాడుతో ఉన్నారు.

"అరగంట అన్నడు, రెండు గంటలాయె. ఇంక ఏ సారు, ఏ గీరు! జరుగు వదినె!" అంటున్నాడు మరిది.

"సారు గుంజొద్దన్నడు. ఒస్తనన్నడు. నా బర్రెను ముట్టిన్రంటే చేతులు ఇరగ్గొడ్త" అంటోంది ఆమె.

నన్ను చూసి కర్ర కింద పడేసింది. నేను చేతులు కడుక్కొని, తొడుగు వేసుకొని బర్రె దగ్గర కూర్చున్నాను. లోపల చెయ్యి పెడితే తల ఎడమ పక్కకు మడుచుకొని ఉంది. దూడ నోట్లో వేలు పెట్టాను. బతికి ఉన్న దూడ వేలు చీకుతుంది. చీకలేదు. నాలుక చల్లగా ఉంది.

ఇక తల్లినైనా దక్కించుకోవాలి. నెట్టి, తిప్పి, తలకు తాడు వేసి బయటికి తెచ్చేసరికి నా చెయ్యి భుజం దాకా మొద్దుబారింది. పెయ్యదూడ. పెరిగితే ఇంకో పాడిబర్రె అయ్యేది. బర్రె మెడ చాచి పడిపోయింది. సెలైన్, కాల్షియం ఎక్కించి, ఇటుపక్క అటుపక్క పొర్లించి, ఎండుగడ్డితో రుద్దాం. మధ్యాహ్నం రెండు దాటాక ముందు కాళ్ల మీద లేచి, మళ్లీ కూలబడి, మూడోసారి నిలబడింది.

"పంక్చరైంది అక్కా, అడవిల" అన్నాను.

"ముల్లు నీకు చెప్పి గుచ్చుకుంటదా సారూ. నీ తప్పేమున్నది. తల్లినన్న బతికిచ్చినవ్" అంది. చేతులు కడుక్కోమని నీళ్లు పోసింది.

నా తప్పేమిటో నేను చెప్పలేదు. ఆమె పోస్తున్న నీళ్ల కింద చేతులు పెట్టి, తల వంచుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పిరికిపని అది.

గడ్డి దూడ

పన్నెండు రోజుల తర్వాత బర్రెను చూడటానికి మళ్లీ పోయాను. పొద్దున పూట. లచ్చవ్వ కొట్టంలో పాలు పిండుతోంది. బర్రె ముందర గుంజకు ఆనించి ఒక దూడ నిలబడి ఉంది. దగ్గరికి పోయి చూశాను.

చచ్చిపోయిన దూడ తోలు వలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కుక్కి కుట్టారు. దూడ ఎదురుగా లేకపోతే బర్రె చేపు ఇవ్వదు, పాలు పైకి ఎగబట్టుకుంటుంది. అందుకని మా పక్క ఇట్లా చేస్తారు. ఉద్యోగంలో చాలాసార్లు చూశాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు బర్రె ఆ గడ్డి దూడ మెడను నాకుతోంది. కుట్టు ఊడినచోట గడ్డి బయటికి పొడుచుకొని వచ్చింది. నా టైరులోంచి గడ్డి అట్లాగే బయటికి వచ్చింది.

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. ట్యూబు మీద సున్నం గుర్తు, ఎండిపోయిన సొల్యూషన్, నెల నెలా "ఉంది సార్" అనడం, అన్నీ.

ఆమె పాలు పిండటం ఆపలేదు. గిన్నె నిండాక లేచి, అరుగు మీదికి పోయి బీడీల చాట ముందర కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. తడి గోనెపట్ట విప్పి, లోపలి తునికాకు ఒకటి తీసి వేళ్ల మధ్య మడిచి చూసింది.

"గీ ఆకు ఎండితే పలుగుతది, బీడీకి రాదు. రోజూ పొద్దుగాల లేవంగనే తడిపి, ముట్టి చూస్తం. నిన్న మంచిగున్నది గదా అని ఇయ్యాల ఊకోం" అంది. నా వైపు చూడకుండానే అంది.

నేను నిలబడే ఉన్నాను.

"ఆ దినమే చెప్పాలె సారూ. పన్నెండు దినాలు నేను ముల్లును తిట్టుకున్న."

"తప్పైంది అక్కా."

"తప్పయింది సరే. అరగంట అన్నవ్ గనుకనే నేను కర్ర పట్టుకొని నిలబడ్డ. మల్ల ఎప్పుడన్న ఫోన్ చేస్తే నాకు గట్ల టైం చెప్పకు. ముందుగాల నీ డబ్బ తెరువు, ముట్టి చూడు, అప్పుడు చెప్పు."

ముప్పై ఏళ్లలో నాకు వచ్చిన మెమోలన్నీ కలిపినా ఆ మాటంత బరువు లేవు.

ముట్టి చూడండి

డాక్టర్ సాబ్ నాకు చక్రం విప్పడం నేర్పాడు. డబ్బాలో ఏముండాలో తర్వాతి అధికారులు కాగితం మీద రాసిచ్చారు. ఉన్నది పనిచేస్తుందా లేదా రోజూ చూసుకోవాలని బీడీలు చుట్టే ఆమె నేర్పింది. వస్తువు ఉండటం వేరు, పనికి రావడం వేరు. నలుగురైదుగురు అధికారుల కింద పనిచేసినా ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా చెవికి ఎక్కేది కాదేమో.

అప్పటినుంచి సొల్యూషన్ ట్యూబులు రెండు కొనేవాణ్ని. ఒకసారి మూత తీసినదాన్ని ఇంట్లో వాడకానికి ఇచ్చేసి, విప్పని దాన్ని వెంట ఉంచుకునేవాణ్ని. ఇనుప డబ్బాలో కాదు, మందుల సంచిలో, చల్లగా ఉండే అరలో. పొద్దున బండి తీసే ముందు దాన్ని వేళ్లతో నొక్కి చూసేవాణ్ని, మెత్తగా ఉందా లేదా అని. ప్యాచు అంచు గోటితో లేపి చూసేవాణ్ని. రెండో ట్యూబును వారానికొకసారి గాలి నింపి బకెట్టు నీళ్లలో ముంచేవాణ్ని. నా భార్య చూసి, "బర్రెల డాక్టర్ కంటే పంక్చర్ దుకాణం పెట్టుకుంటే అయిపోతుండె" అని వెక్కిరించేది. వాడినదాన్ని ఆ రోజే తిరిగి పెట్టడం అలవాటు చేసుకున్నాను. రేపు పెడదామనుకున్న వస్తువు డబ్బాలో లేనట్టే లెక్క.

ఏడాదిన్నర గడిచింది. రిటైర్‌మెంట్‌కు ఇంకా కొన్ని నెలలున్నాయి. పొద్దున ఇంట్లో టిఫిన్ ముందర కూర్చున్నాను, ఫోన్ మోగింది. లచ్చవ్వ. ఆ నడుమ ఆమె ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

"సారూ, బర్రె నొప్పులు తీస్తున్నది" అంది. నేను మాట్లాడబోయేలోపే, "డబ్బ చూసినవా?" అంది.

"ఆగు అక్కా" అన్నాను. పళ్లెం పక్కకు జరిపి, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని వాకిట్లోకి పోయాను. పొద్దున ఒకసారి చూశాను, అయినా మళ్లీ డబ్బా తెరిచాను. సంచి అర విప్పి సొల్యూషన్ నొక్కాను, మెత్తగా ఉంది. ట్యూబును తడిమాను. పంపు రెండుసార్లు కొట్టి చూశాను. అవతల ఆమె ఆ చప్పుళ్లన్నీ వింటోంది.

"చూసిన అక్కా."

"ఎంతసేపైతది?"

అరగంట అని నోటి దాకా వచ్చింది. రాత్రి అకాల వాన పడింది, అడవి దగ్గర రోడ్డు తవ్వి ఉంది.

"నలభై నిమిషాలు" అన్నాను.

దారి పొడుగునా కళ్లు ముందు చక్రం మీదే ఉన్నాయి. పోయినసారి ఆగినచోటు వచ్చినప్పుడు గేరు తగ్గించాను. అది దాటాను. అడవి దాటాను. పల్లెలోకి పోయేసరికి బర్రె ఈనేసింది. దూడ తడితడిగా, నాలుగు కాళ్లూ వంకరగా పెట్టి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటోంది. నా అవసరమే రాలేదు.

లచ్చవ్వ ముందు నా వైపు చూడలేదు. కొంగున కట్టిన ఫోను తీసి టైం చూసింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. నేను దారిలో పదిసార్లు చూసుకున్నాను గనుక నాకు తెలుసు.

ఫోను మళ్లీ కొంగున ముడివేసుకొని, అరుగు మీది బీడీల చాటను ఒక పక్కకు జరిపింది.

"కూసో సారూ, చాయ్ పెడ్త" అంది.